గాలి తగిలితే చచ్చే పురుగు

కృష్ణయ్య ఒళ్లో రేకు డబ్బా, డబ్బాలో వరిగడ్డి, గడ్డి నడుమ వేలెడు గాజు సీసా. బస్సు ఎగిరినప్పుడల్లా ఆయన డబ్బాను రెండు చేతులా పొట్టకు అదుముకుంటున్నాడు.

మైలవరం డ్యాములో పట్టిన చేప పేగులో అలీ అహ్మద్ సారుకు కొత్త బ్యాక్టీరియా దొరికి రెండేళ్లయింది. గాలి సోకితే చచ్చిపోయే రకం. అదెలా ఉంటుందో, ఏం తింటుందో, ఎంత వేడికి పెరుగుతుందో సారు అంతా రాసిపెట్టాడు. బతికున్నదాన్ని చూపిస్తేనే కొత్తదని లోకం ఒప్పుకుంటుంది. ప్రొద్దుటూరు కాలేజీలో దాచినవేమో ఎలక్షన్ గొడవల్లో కరెంటు పోయి, ఫ్రిజ్ ఆగి, అన్నీ చచ్చాయి. పులివెందులలో స్నేహితుడి దగ్గర పెట్టిన ఒక్క సీసా మిగిలింది. దాన్ని తెమ్మని సారు తన ల్యాబ్ అటెండరు కృష్ణయ్యను పంపాడు.

జమ్మలమడుగు ఇంకా రాకముందే చెక్‌పోస్టులో బస్సు ఆపారు. అప్పుడే పార్టీ జెండాల జీపులు మూడు వచ్చాయి. కానిస్టేబుల్ అడ్డకట్టె ఎత్తి, సెల్యూట్ కొట్టి పంపాడు. తర్వాత బస్సెక్కి కృష్ణయ్య డబ్బా లాక్కున్నాడు. గడ్డి చూడగానే మొహం మారింది. నాటుబాంబులు తెచ్చేది అట్లా గడ్డిలో పెట్టే.

"ఏందిరా ఇది?"

"చేప పేగులో పురుగు సార్. మూత తీస్తే గాలి తగిలి సచ్చిపోతాది."

"గాలి ల్యాకుంటే మనం సస్తాం, గాలి తగిల్తే నీ పురుగు సస్తాదా? ఎవరికి చెప్తాండావు కథలు? ఏ పార్టీ నీది?"

"పురుగుకు పార్టీ యాడిది సార్?"

బస్సంతా నవ్వింది. కానిస్టేబుల్ చాకు తీసి సీసా మూత కింద దూర్చబోయాడు. కృష్ణయ్యకు ఒళ్లు మండిపోయింది. జీపుల్లో సీట్ల కింద ఏముందో చూసే దమ్ము లేదు, ఈ ముసలోడి సీసా మీదనా వీడి మగతనం!

"ముట్టొద్దు సార్! బాంబే అది. మూత తీస్తే పేల్తాది!"

క్షణంలో బస్సు ఖాళీ. కానిస్టేబుల్ సీసాను పసిబిడ్డలా కింద పెట్టాడు. ఎవరో బకెట్‌తో నీళ్లు తెచ్చి, సీసాను అందులోకి దించారు. కృష్ణయ్య వీపున లాఠీ పడుతోంది. ఆయన చూపు మాత్రం నీళ్లలోనే ఉంది. బిరడా దగ్గర ఒక్క బుడగైనా లేవలేదు; మూత సడలలేదు.

కబురంది, సాయంత్రానికి అలీ అహ్మద్ కాలేజీ లెటరు పట్టుకుని స్టేషనుకు పరుగెత్తుకొచ్చాడు. ఇన్‌స్పెక్టర్ చదివి, కృష్ణయ్య వైపు తిరిగాడు.

"పురుగని ముందే చెప్పి సావొచ్చు గదా?"

"చెప్తి సార్. నిజం చెప్తే చాకు తీసిరి. బాంబంటే నీళ్లలో పెట్టి కాపలా కాసిరి."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. జనాన్ని అబద్ధంతో బెదిరించాడని కేసు రాయమన్నాడు. ఆయన పెద్దవాడు, వదిలేయండని అలీ అహ్మద్ చేతులు జోడించాడు.

"ఆ చేతులు దించు సారూ," అన్నాడు కృష్ణయ్య. "రాసుకుంటే రాసుకోనీ. నువ్వు సీసా తీసుకోని బస్సెక్కు. ఎండ తగలనీయాకు."