మూడు వేళ్ల పరీక్ష

నేను ఒక శిరస్త్రాణాన్ని. కంగారుపడకండి, ఏ మహారాజు తలమీదిదాన్నో కాదు. ఆడపిల్లల హాకీలో గోల్‌కీపర్ పెట్టుకునే హెల్మెట్‌ని. జలంధర్‌లో ఓ రేకుల షెడ్డులో పుట్టాను. తల లేకుండా పుట్టినా తలరాత మాత్రం ఉంది: ఎవరి తలకో తగలాల్సింది నాకు తగలాలి. బయట ఇనుప ఊచలు, లోపల మెత్తటి స్పాంజి. మనుషుల్లో ఎక్కువమంది దీనికి తిరగేసిన మోడల్.

అనంతపురం జిల్లాలో ఓ క్రీడా హాస్టల్‌కి వచ్చి పడ్డాను. కోచ్ కుళ్లాయప్ప సార్. పేరులోనే కుళ్లాయి ఉన్న మనిషి, టోపీ జాతిదాన్ని బాగా చూసుకుంటాడనుకున్నాను. ఆయన నాకే టోపీ పెట్టాడు: మేకుకు తగిలించాడు, ఏళ్లు గడిచినా స్పాంజి మార్చలేదు.

నన్ను పెట్టుకున్న పిల్ల వన్నూరమ్మ. అంతకుముందు మేకలు కాసింది. "మంద కాసినదానివి, గోలు కాయలేవా మే?" అన్నాడు సార్. కాసింది. ఆరేళ్లు కాసింది. జిల్లా జట్టు, ఆ తర్వాత రాష్ట్ర జట్టు. ఆమె అడ్డం నిలబడితే అవతలివాళ్లకు గోలే తప్ప గోలు మిగిలేది కాదు. నా పట్టీ ఒరుసుకుని ఆమె గడ్డం కింద కూడా ఓ కాయ కాసింది.

మా హాస్టల్లో ఒక వైద్యం ఉండేది. తలకు బంతి తగిలితే సార్ పరుగున వచ్చి వేళ్లు చూపిస్తాడు: "ఎన్ని కనబడ్తాండాయి మే?" ఈల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటాడు కాబట్టి మిగిలేవి మూడే. ఎప్పుడూ మూడే. కొత్తగా చేరిన పిల్లకు సీనియర్లు మొదటిరోజే చెప్పేవాళ్లు: "ఏమైనా కానీ, మూడు అను." పేపరు ముందే లీకైన పరీక్షలో ఫెయిలయ్యేదెవరు?

ఆరో ఏట రాష్ట్ర పోటీల సెమీఫైనల్‌కి, ఆటల కోటాలో ఉద్యోగాలిచ్చే సెలెక్టర్లు వచ్చి కూర్చున్నారు. వన్నూరమ్మ ఇంట్లో అప్పటికే మేకలు అమ్మేశారు. వెనక్కి పోదామన్నా ఆమెకు మంద లేదు. రెండో సగంలో పెనాల్టీ కార్నర్. బంతి లేచి నా ఎడమ కణత మీద తగిలింది. నాలోని స్పాంజి ఎప్పుడో అప్పడమైపోయింది. నేను మింగాల్సిన దెబ్బలో సగం ఆమెకు వడ్డించాను.

సార్ వచ్చాడు. "వన్నూరూ, ఎన్ని?"

"మూడు సార్."

"శభాష్! ఆడు."

లోపలి సంగతి నాకు తెలుసు. ఆమె కళ్లు మూసుకునే చెప్పింది.

ఆరు నిమిషాలకు ఇంకో బంతి వచ్చింది. ఆమెకు రెండు కనిపించాయి కాబోలు, లేనిదానివైపు దూకింది. ఉన్నది మళ్లీ ఆ కణతకే తగిలింది.

ఇక్కడ నాకు చమత్కారం తోచదు. ఎడమ కన్ను పోయింది. ఉద్యోగం వేరే పిల్లకు పోయింది. ఆసుపత్రి వరండాలో సార్ వచ్చినవాళ్లందరితో, "మూడని కరెక్టుగానే చెప్పిందప్పా" అన్నాడు. ఆయన నిజంగా నమ్మాడు. అదే భయం.

సార్ రిటైరయ్యాక వన్నూరమ్మ అదే హాస్టల్‌కి కాంట్రాక్టు కోచ్‌గా వచ్చింది. నేనింకా అదే మేకుకు వేలాడుతున్నాను. కొత్త హెల్మెట్ కోసం అర్జీ మీద అర్జీ పెట్టింది, రాలేదు. పోయిన నెల రాష్ట్ర సెలెక్షన్లకు ముందురోజు, ప్రాక్టీసులో ముత్యాలు అనే గోల్‌కీపర్ పిల్లకు నా మీదుగా దెబ్బ తగిలింది. కూలబడిపోయింది. వన్నూరమ్మ పరుగెత్తి వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"మూడు మేడమ్!" అంది ముత్యాలు.

"నేనింకా చెయ్యే ఎత్తలేదు గదమ్మా."

పిల్ల బావురుమంది. "నాకేం కాలేదు మేడమ్. రేపు సెలెక్షన్లుండాయి, మీ కాళ్లు పట్టుకుంటా."

"రేపు నువ్వు ఆడేది లేదు."

"మీకు ఉద్యోగం రాలేదని నాకూ రానీరా?"

వన్నూరమ్మ ఆ పిల్ల గడ్డం కింద నా పట్టీ విప్పింది. నన్ను ఊడదీసింది. ముత్యాలును ఆసుపత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక, ఇంకెవరి తలా ఎక్కకుండా నా పట్టీని బ్లేడుతో కోసేసింది.

ఇప్పుడు నన్ను తిరగేసి, మైదానానికి గీతలు గీసే సున్నం పోస్తున్నారు. తలడిప్ప కాయాల్సినదాన్ని, సున్నం డిప్పనయ్యాను. వన్నూరమ్మ సున్నం తీసుకుంటుంటే ముత్యాలు అటుగా పోతుంది. కోపంగా చూస్తుంది.

రెండు కళ్లతోనూ.