సమాధుల తోటకి గడ్డి కోసే బండి

యాభైనాలుగు అంగుళాలట, పాత గడ్డికోత బండ్ల దుకాణం ముందు నిలబడి డ్వైట్ ఆ మాటని పిప్పరమెంటు బిళ్లలా చప్పరిస్తున్నాడు, యాభైనాలుగు అంగుళాల కోత, సిస్టర్ లోరీన్, ఒక్క చుట్టులో ఎంత గడ్డి పోతుందో చూడండి అంటున్నాడు, చూస్తున్నాను నాయనా, గడ్డితో పాటు ఇంకా ఏమేం పోతాయో కూడా చూస్తున్నాను, ఆదివారం బడిలో నా ముందు కూర్చుని కాగితాలంటించే జిగురు నాకినవాడు ఇవాళ బెతెల్ కొండ చర్చి సమాధుల తోట కమిటీకి అధ్యక్షుడు, నేనేమో ఇరవై రెండేళ్లుగా ఆ తోటలో గడ్డి కోస్తున్న మనిషిని, జీతం లేదు, అడగలేదు, ఏ రాయి ఎటు వాలిందో ఏ రాయి వెనక కందిరీగలు గూడు పెడతాయో కళ్లు మూసుకుని చెప్పగలను, అయినా కమిటీలో నాకు కుర్చీ లేదు, కమిటీకి కాఫీ పెట్టే పని మాత్రం ఉంది, బండి కొనాలని వాళ్లు తీర్మానించిన ఆదివారం నేను గోడకి ఇవతల వంటగదిలో పర్సిమన్ పండ్ల పుడ్డింగు గిన్నెలు తోముతున్నాను, మాడిన అడుగు గీకుతుంటే అవతల ఐదుగురు మగవాళ్లు గుర్రాల సంతలో బేరగాళ్లలా ఇంజన్ల బలం గురించి మాట్లాడుకుంటున్నారు, ఒక్కడైనా తలుపు తోసి, లోరీన్, ఆ బండి మీద కూర్చునేది నువ్వు కదా, నీకేది కావాలి అని అడిగాడా, అడగలేదు, ఆ తలుపుకి గడియ కూడా లేదు.

పాత బండి ఏప్రిల్లో చచ్చింది, ఇంజన్ పగిలి నూనె అంతా కక్కేసి కంచె పక్కన అలాగే ఆగిపోయింది, అప్పటినుంచి గడ్డి ఆగలేదు, వానలు కూడా ఆగలేదు, ఇప్పుడు మోకాలి దాకా ఉంది, పైవారం సోమవారం మెమోరియల్ డే, పోయినవాళ్ల సమాధుల మీద పూలు పెట్టే రోజు, కాఫీ డబ్బాలకి వెండి కాగితం చుట్టి వాటినిండా పియొనీ పూలు పెట్టుకుని నూట యాభై మంది వస్తారు, తాతల రాళ్లు కనిపించకపోతే వాళ్లు డ్వైట్‌ని అడగరు, నన్నడుగుతారు, ఉన్నది రెండు వేల డాలర్లు, చలికాలమంతా మాంసం, చిక్కుడుగింజల చిల్లీ కూరతో భోజనాలు పెట్టి, బొంతలు కుట్టి అమ్మితే వచ్చినవి, ఆ బొంతల్లో నాలుగు నా చేతివే, అది కూడా ఎవరికీ గుర్తుండదు, ఈ దుకాణం యజమాని రాయిస్ సంగతి మరీ అన్యాయం, ప్రశ్న నేనడుగుతాను, జవాబు డ్వైట్ మొహం చూసి చెప్తాడు, దీని బ్లేడ్ల ఇరుసులు ఎప్పుడు మార్చారయ్యా అన్నాను, డ్వైట్ వైపు తిరిగి, మేడమ్‌కి మెషీన్ల మీద మోజున్నట్టుందే అని నవ్వాడు, డ్వైట్ కూడా నవ్వాడు, మోజు కాదు బాబూ, మా నాన్న నలభై ఏళ్లు సున్నపురాయి గనిలో పనిచేశాడు, యంత్రం మీద చెయ్యి వేసి దాని ఒంట్లో ఏముందో తెలుసుకోవడం నాకు ఆయన నేర్పాడు, అందుకే నేను వంగి డ్వైట్ మెచ్చుకుంటున్న ఆ ఎర్ర బండి ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాను, చుర్రుమంది, మేము వచ్చేసరికి అప్పుడే తాళం తీసిన దుకాణంలో ఇంజన్ వేడిగా ఎలా ఉంది రాయిస్, పొద్దున్నే దీనిమీద ఎక్కి చర్చికి వెళ్లొచ్చావా అన్నాను, ఈసారి వాడు నవ్వలేదు, చల్లబడితే మొండికేసే ఇంజన్ని కొనేవాళ్లు రాకముందే తిప్పి పెట్టడం ఎంత పాత మోసమో వాడికీ తెలుసు నాకూ తెలుసు, డ్వైట్‌కి మాత్రం తెలియదు, వాడు అప్పటికే సీటు ఎక్కి కూర్చున్నాడు, స్టీరింగు లేదు, రెండు చేతులకి రెండు కర్రలు, ఆ కర్రలతో ఉన్నచోటే గిర్రున తిరుగుతుందట, సంతలో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడి మొహం పెట్టుకుని తిరిగి చూపించాడు కూడా, వెయ్యిన్నీ తొమ్మిదివందలు, ఇంతకంటే చవకగా ఇంత వెడల్పు రాదు సిస్టర్ అన్నాడు, వెడల్పు ఎవడు అడిగాడు.

వెడల్పే కదా అసలు గొడవ, పొద్దున ఆరింటికి తడి గడ్డిలో మోకాళ్ల దాకా నానుతూ కొలిచి వచ్చాను, ప్రూయెట్ వాళ్ల ముగ్గురు పసిపిల్లలు, ఒకే వారంలో దగ్గుతో పోయినవాళ్లు, ముగ్గురి సమాధుల మీదా మూడు చిన్న సున్నపురాతి గొర్రెపిల్లలు, నా మోకాలంత ఎత్తు, చెవులు ఇప్పటికే అరిగిపోయాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య నలభై ఒక్క అంగుళాలు, పాత భాగమంతా అంతే, ఎక్కడా నలభై ఐదు దాటదు, మా నాన్న అనేవాడు, సున్నపురాయి భూమిలోంచి తీసినప్పుడు జున్నుముక్కలా ఉంటుందే అమ్మాయ్, గాలికి పైన తోలు కడుతుంది, ఆ తోలు ఒకసారి లేచిందా ఇక రాయి లోపల్నుంచి పిండైపోతుంది అని, బ్లేడ్ల మీద కప్పిన ఈ యాభైనాలుగు అంగుళాల ఇనప రేకు ఆ గొర్రెపిల్లల మధ్యకి దూరదు, దూరిస్తే తోలు లేస్తుంది, ఈ మాటే చెప్పాను, టేపు తీసి గాలిలో పట్టి చూపించాను కూడా, డ్వైట్ టేపు వైపు చూడకుండా, ఆ సందుల్లో తీగ తిరిగే చేతి మెషీన్‌తో కొట్టించుకోవచ్చు అన్నాడు, కొట్టించుకోవచ్చట, మూడు వందల రాళ్ల చుట్టూ, ఆ తీగ తగిలినా రాయి గీరుకుపోతుందని వీడికెవడు చెప్పాలి, సరే అది వదిలేయ్, ఉత్తరం వైపు వాలు సంగతేమిటి, నేల నేరుగా వాగులోకి దిగుతుంది, మంచు పడిన పొద్దుటిపూట ఇలాంటి బండి వెనక చక్రాలు జారాయంటే ముందు చక్రాలు పట్టుకోవు, అవి టీ బల్లకి వేసే చక్రాల్లాంటివి, ఎటు తోస్తే అటు పోతాయి, మనిషితో సహా వాగులోకి పోతుంది డ్వైట్ అన్నాను, దానికి వాడు కర్రలు వదలకుండా, ఏం పరవాలేదు, డెన్నీ జాగ్రత్తగానే నడుపుతాడు అన్నాడు.

డెన్నీ, డెన్నీ ఎవరు, డెన్నీ డ్వైట్ బావమరిది, ఫ్యాక్టరీ నుంచి రిటైరై ఇంట్లో పజిల్ ముక్కలు అతికించుకునే డెన్నీ, డెన్నీకి నా సమాధుల తోటతో ఏం పని అని నోట్లోంచి రాకముందే నాకు అర్థమైపోయింది, డ్వైట్ మొహం చూస్తే చాలు, చిన్నప్పుడు జిగురు డబ్బా వెనక దాచుకున్నప్పటి మొహమే, కిందికి దిగు అన్నాను, దిగాడు, ఎప్పుడనుకున్నారు అన్నాను, మార్చిలో అన్నాడు, అంటే పాత బండి చచ్చినప్పటినుంచీ నేను కొన్నవాళ్లనీ అమ్మినవాళ్లనీ అడుగుతూ తిరిగింది, ఈ టేపు, ఈ కొలతలు, పొద్దున తడిసిన ఈ బూట్లు, ఇవన్నీ డెన్నీ కూర్చునే సీటు కోసమా, ఇరవై రెండేళ్ల పనికి ఇదా మర్యాద, తీసేసిన కూలివాడికైనా ఒక కాగితం ఇస్తారే, నన్ను ఇవాళ ఎందుకు తీసుకొచ్చినట్టు, గంగిరెద్దులా తలూపడానికా, అన్నాను, గట్టిగానే అన్నాను, రాయిస్ ఏదో పని ఉన్నట్టు దుకాణంలోకి వెళ్లిపోయాడు, డ్వైట్ టోపీ తీసి మళ్లీ పెట్టుకుని, మీరు అక్టోబర్లో పడిపోయారు కదండీ అన్నాడు.

పడిపోయాను, అవును, కానీ అది ఎవరు చూశారు, ఉత్తరం వాలు మీద తడి ఆకులు, పాత బండి పక్కకి ఒరిగింది, నేను దూకాను, సరిగా దూకలేదు, తుంటి మీద పడి ఆకాశం చూస్తూ అరగంట ఉన్నాను, ఆకాశం చాలా నీలంగా ఉంది, కాకి ఒకటి నన్ను తలకిందులుగా చూసింది, లేవగలనో లేదో అని కాదు నేను భయపడింది, ఎవరైనా చూస్తారేమో అని, లేచాను, బండిని తాడు కట్టి లాగాను, మిగిలిన రెండు వరసలూ కోసే ఇంటికి వెళ్లాను, ఒక్క ప్రాణికి చెప్పలేదు, మా ఆయన ఎల్డన్‌కి కూడా, తొడంతా వంకాయ రంగు తిరిగితే అల్మరా తలుపు కొట్టుకుందన్నాను, ఆయన అలాగా అన్నాడు, మర్నాడు స్నానాలగదిలో నొప్పుల మందు సీసా మూత వదులు చేసి పెట్టి ఉంది, అంతే, ఇంకేం అనలేదు, ఆయన ఎప్పుడూ ఏమీ అనడు, మరి ఈ డ్వైట్‌కి ఎలా తెలిసింది.

ఎల్డన్ వచ్చాడండీ, అన్నాడు డ్వైట్, ఫిబ్రవరిలో, మంచు కురుస్తుంటే, మా కొట్టంలోకి వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు, అక్టోబర్లో ఆమె బండి మీంచి పడింది, దెబ్బ చూస్తే తెలిసింది, అప్పటినుంచీ తోటలో ఆమె బండి చప్పుడు ఆగిపోయినప్పుడల్లా నాకు ఊపిరాగిపోయేది డ్వైట్, పని అయిపోయి ఆగిందా, ఇంకోలా ఆగిందా అని వాకిట్లో నిలబడి వింటూ ఉండేవాణ్ణి, నేను ఆమెకి చెప్పలేను, నువ్వు చెప్పు అన్నాడు, నాకూ ధైర్యం చాల్లేదండీ, అన్నాడు డ్వైట్, అరవై ఏళ్ల మనిషి, నాకంటే ఆరంగుళాలు పొడుగు, నేలకేసి చూస్తూ, అందుకని మీరు నడపలేనంత పెద్దది కొంటే మీరే వద్దంటారని అనుకున్నాం, అన్నాడు.

నా ఒళ్లు భగ్గుమంది, అంటే మీ ఇద్దరు మగాళ్లూ కలిసి నాకు చెప్పాల్సిన మాట ఒక గడ్డికోత బండి చేత చెప్పించాలనుకున్నారన్నమాట, చర్చి సొమ్ము వెయ్యిన్నీ తొమ్మిదివందలు పోసి, పసిపిల్లల రాళ్లు పోతే పోయాయి, డెన్నీ వాగులో పడితే పడ్డాడు, లోరీన్‌కి మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, అన్నాను, అని గబగబా షెడ్డు వెనక్కి నడిచాను, ఎందుకు నడుస్తున్నానో నాకే తెలియదు, అక్కడ గోడ పక్కన రంగు వెలిసిన ఆకుపచ్చ బండి, సీటు చిరిగితే బూడిదరంగు టేపు అంటించారు, స్టీరింగు ఉంది, గేరు కర్ర ఉంది, ముప్పై ఎనిమిది అంగుళాల కోత, ఇంజన్ మీద చెయ్యి వేశాను, నిద్రపోతున్న ఆవు ముక్కులా చల్లగా ఉంది, కింద పడుకుని చూశాను, తుప్పు పైపైనే, బ్లేడు పట్టుకుని ఊపితే కదల్లేదు, నూనె తేనెరంగులో ఉంది, తాళం తిప్పితే రెండోసారికి అందుకుంది, ఒక్క బుస్సుమని నీలం పొగ వదిలి తర్వాత శుభ్రంగా కొట్టుకుంది, ఎంత అని అరిచాను, రాయిస్ మొట్టమొదటిసారి నా మొహం చూసి జవాబు చెప్పాడు, పదకొండువందల యాభై మేడమ్ అన్నాడు, కొత్త బ్లేడు, కొత్త బెల్టు, వాలు మీద పట్టు కోసం వెనక చక్రాలకి బరువులు కూడా వేసి ఇవ్వు అన్నాను, వేస్తాను, అవన్నీ కలిపి పద్నాలుగువందలకి ఇస్తాను అన్నాడు.

డ్వైట్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు, వాడు వద్దంటే వాడి మొహాన విసరడానికి నా దగ్గర పది మాటలు సిద్ధంగా ఉన్నాయి, వాడు వద్దనలేదు, మెల్లగా, ఇది తీసుకుంటే మళ్లీ మీరే ఎక్కుతారు కదండీ అన్నాడు, ఆ మాటకి నేను సీటు మీద నుంచి దిగాను, దిగుతుంటే తుంటి కలుక్కుమంది, వాడు చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు, అప్పుడు నా నోటి నుంచి నేననుకోని మాట వచ్చింది, డెన్నీనే నడపనీ, కానీ బండి ఇదే, రేపు ఆరాధన అయ్యాక వాడిని పంపు, నేను ముందు నడుస్తాను, వాడు వెనక నడపాలి, ప్రతి వరసా చూపిస్తాను, వాలు మీద పైకీ కిందికీ నడపాలి తప్ప అడ్డంగా నడపకూడదు, తడి ఉంటే అసలు ఎక్కకూడదు, ఒక్క గొర్రెపిల్ల మీద గీత పడిందా, వాడి పేరు కూడా అక్కడే చెక్కిస్తాను, అన్నాను, డ్వైట్ నవ్వబోయి ఆపుకుని, అలాగేనండీ అన్నాడు.

ఇప్పుడు వాడి ట్రక్కులో వస్తున్నాం, వెనక బండి గొలుసులు గలగలమంటున్నాయి, కిటికీ అవతల మొక్కజొన్న ఇంకా బెత్తెడే లేచింది, డ్వైట్ రేడియో పెట్టలేదు, మంచిదే, లేకపోతే దాని మీద కూడా కోపం వచ్చేది, వీడి మీద కోపం దాదాపు అయిపోయింది, ఎల్డన్ మీద ఉంది, ఇంటికి వెళ్లి అడుగుతాను, నలభై నాలుగేళ్లు కాపురం చేసి నా మీద పరాయివాడికి చెప్పుకుంటావా అని, నాకెందుకు చెప్పలేదని నిలబెట్టి అడుగుతాను, ఆయన ఏమంటాడో నాకు తెలుసు, నీ ఇష్టం లోరీన్ అంటాడు, వంటగదికి పసుపు రంగు వేయించినప్పుడూ అదే, ఆయన అన్నగారు వచ్చి నెలరోజులుంటానంటే నేను వద్దన్నప్పుడూ అదే, నీ ఇష్టం, మా ఇంట్లో గొడవలే లేవని చర్చిలో ఎంతమంది కొత్త పెళ్లికూతుళ్లకి చెప్పానో, ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన గొంతు ఎలా ఉండేదో ఒక్కసారైనా విన్నానా, అల్మరా తలుపు కొట్టుకుంది అన్నప్పుడు ఆయన తలుపు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు, ఆయన నోరు కొంచెం తెరుచుకుంది కూడా, నేనేం చేశాను, అలా చూస్తావేం, బంగాళాదుంపలు మాడిపోతున్నాయి కదుపు అన్నాను, ఆయన కదిపాడు, ఆ నోరు మూసుకుని ఆ మాటని అక్టోబరు, నవంబరు, డిసెంబరు, జనవరి మోశాడు, మంచు కురుస్తుంటే ఐదు మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ వెళ్లి వేరేవాడి కొట్టంలో బకెట్ మీద కూర్చున్నాడు, ట్రక్కు మా దారి మలుపు తిరుగుతోంది, ఎల్డన్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని, వెనక ఏ బండి వస్తోందో మెడ చాచి చూస్తున్నాడు, నన్నెవరూ అడగలేదని పొద్దున్నుంచీ రగిలిపోతున్నాను, కానీ భయం వేసిన రోజున చెప్పుకోవడానికి మా ఆయనకి ఇంట్లో మనిషి లేదు.