మేకల మలుపు రాయి

జహీరాబాదులో ఎర్రగుట్ట బస్తీకి దారి అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. మూతబడ్డ పిండిగిర్ని దగ్గర ఎడమకు తిరగాలి. ఏడు మెట్ల గల్లీ దాటాలి. లెక్కపెడితే మెట్లు తొమ్మిది. పై రెండూ తాపీమేస్త్రీ మాణిక్ తర్వాత కట్టాడు, బస్తీ వాటిని ఇంకా ఒప్పుకోలేదు. ఆపైన మేకల మలుపు. అక్కడ మేక కనబడి ముప్పై ఏళ్లు దాటింది.

ఆ మలుపులో మోకాలెత్తు గట్టు ఉంది. పైకి పోయేవాళ్లు దానిమీద ఒక రాయి పెడతారు, దిగేటప్పుడు ఎవరి రాయి వాళ్లు తీసుకుంటారు. రాయి మిగిలిందంటే పోయినవాడెవడో దిగలేదన్నమాట. దిగనివాడు తోడు కోసం చూస్తుంటాడట.

ఇదేదో తాతల నాటి ఆచారం కాదు. పాతికేళ్ల కిందట కోతలరాయుడు మాణిక్ నోట పుట్టింది. పైన ఎర్రరాయి తవ్విన గుంతలో పిల్లలు ఈతలు కొడుతుంటే బెదిరించడానికి అల్లాడు. తర్వాత గుంత పూడ్చేశారు. దాని పక్కన ఉమ్రావ్ బేగం ఇల్లు లేచింది. అబద్ధం మాత్రం పెళ్లీడుకొచ్చి బస్తీలోనే కాపురం పెట్టింది.

ఈ వేసవిలో బేగం నీళ్ల సంపు కోసం ఆ పూడిన గుంతను తవ్వించింది. మర్నాటి నుంచి గట్టు మీద ఒక రాయి మిగిలిపోయింది. వెనక బండ్ల బాట మీదుగా నీళ్ల ట్యాంకరు తెచ్చే రాకేశ్ దాన్ని చూసి మలుపులోనే హారన్ కొట్టి, బండి వెనక్కి తిప్పుకుంటున్నాడు. సంపు కట్టడమైతే అయింది, చుక్క నీళ్లు పడలేదు. మోకాళ్లరిగిన బేగం బిందె మోస్తూ మొన్న జారి పడింది.

ఇవాళ మిట్టమధ్యాహ్నం ఖాళీ బిందెతో వచ్చి మాణిక్ అరుగు మీద కూర్చుంది.

"మాణిక్ భాయ్, నీ గప్పాలకు నా గొంతు ఎండుతున్నది. అంత ఝూట్ అని ఆ రాకేశ్‌కు జర చెప్పు."

"నేను నిజం చెప్తున్ననంటే నన్ను దవాఖానకు తీస్కపోతరు ఆపా!"

"నవ్వకు. ఇంకోపారి పడితే లేవ. గప్పుడు నీ గట్టు మీద నా రాయి మిగుల్తది."

మాణిక్ నవ్వు అక్కడే ఆగింది. చెప్పులు తొడుక్కుని ఆమె వెంట నడిచాడు.

మలుపులో ట్యాంకరు ఆగి ఉంది. "ఒరే రాకేశ్, గిది నేనల్లిన కథరా. నీకు మూతి తుడుసుకునుడు గూడ రాన్నాడు అల్లిన."

"అయితే ఆ రాయి నువ్వే తియ్యి, తాతా. నువ్వు తీస్తే నేను పోత."

"దాందేమున్నది!" అంటూ మాణిక్ చెయ్యి చాపాడు.

గట్టు పెనంలా కాలుతోంది. రాయి మాత్రం కొత్తకుండలా చల్లగా ఉంది. తడిగా ఉంది. చిన్నపిల్లల గుప్పిట్లో పట్టేంత రాయి. బతుకంతా రాళ్లెత్తిన చెయ్యి అతనిది. ఈ బరువు రాయిది కాదని దానికి తెలిసిపోయింది. ఆనాడు గుంత పూడ్చేముందు లోపల ఏ పిల్లాడైనా మిగిలాడేమో ఎవరైనా చూశారా? ఆ మాట అతనికి ఇన్నేళ్లలో ఎన్నడూ తట్టలేదు.

వదిలేస్తే ట్యాంకరు వెనక్కి పోతుంది. బేగం కళ్లు అతని చేతి మీదే ఉన్నాయి.

"చూస్నవా? ఒట్టి రాయి," అని జేబులో వేసుకున్నాడు. అన్నేళ్ల గప్పాల్లో ఏ ఒక్కదానికీ అతని గొంతు వణకలేదు. దీనికి వణికింది.

ట్యాంకరు మూలుగుతూ ఎక్కింది. సంపులో నీళ్లు పడుతున్న చప్పుడు మలుపు దాకా వినిపించింది. ఆ చప్పుడుకు జేబు కదిలినట్టయింది. మాణిక్ వెనక్కి చూడకుండా తొమ్మిది మెట్లూ దిగి ఇంటికొచ్చాడు.

అన్నం వడ్డిస్తున్న సుగుణమ్మ గుమ్మం వైపు చూసి భర్తను కసిరింది. "గడపంత తడి చేసినవ్! ఇంతింత చిన్న అడుగులు! వెంట ఎవర్ని తోల్కొచ్చినవ్?"

మాణిక్ రాయి తీసి గూట్లో దీపం పక్కన పెట్టాడు.

"ఇంకో కంచం పెట్టు," అన్నాడు. "చిన్నది."