చేతులు మారని చిలక

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెద్దక్క గుడ్డ చిలక రెక్క మీది టీ మరకను తడి రుమాలుతో రుద్దుతోంది. ఉతికి ఉతికి చిలక రంగు వెలిసిపోయింది. ఊడిన కంటి స్థానంలో చొక్కా గుండీ ఉంది. ఆఫీసుకు రాగానే ఆమె చేసే మొదటి పని దాని దుమ్ము దులపడమే.

ఆసుపత్రులకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆ గదిలో చిలక ఎవరి బల్ల మీద ఉంటే వాళ్ళే కోడ్ ముట్టుకోవాలి. మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. తీగ లాగితే డొంకంతా కదిలే కోడ్ మరి! మంచం నంబరు మారిస్తే మందుల చీటీ ఆగిపోయేది. అప్పుడు కొడుకు పెళ్ళిలో ఉన్నా సరే, ఫోను పెద్దక్కకే. ఏ ముడి ఎక్కడుందో ఆమెకే తెలుసు. అదో గొప్పనుకుని మురిసిన రోజులూ లేకపోలేదు.

తర్వాత ఏళ్ళ తరబడి ఒక్కో ముడీ విప్పుతూ వచ్చింది. "మంచాల కోడ్ వెళ్ళి బిల్లు పెట్టెలో చెయ్యి పెట్టకూడదర్రా. రోగి ఇంటికెళ్ళాడని ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. వినాల్సినవాళ్ళు వింటారు" అనేది.

ఈ రోజు ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు. మంచానికీ బిల్లుకూ మధ్య మిగిలిన చివరి ముడి నిన్ననే విడింది. మధ్యాహ్నం బిల్లులమ్మాయి, మంచాల పని చూసే గడ్డమాయన మొదటిసారి ఒకేసారి మార్పులు పంపుతారు, చిలక లేకుండా. తేడా వస్తే ఇంకో ఏడాది ఉంటానని మేనేజరుకు మాటిచ్చింది. "ఫోను మోగకుండా ఒక్క పూటయినా కలిసి తిందామే" అని పొద్దున ఇంట్లో భర్త గుమ్మం దాకా వచ్చి అన్నాడు.

మార్పులు వెళ్ళాయి. పెద్దక్క టీ చల్లారిపోయింది. ఎక్కడో ఒక రోగి కోలుకుని ఇంటికెళ్ళాడు. మంచం ఖాళీ అయింది, బిల్లు సరిగ్గా వచ్చింది, ఫోను మోగలేదు.

బిల్లులమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. "రేపు మా పాప బడిలో ఆటలున్నాయి. చిలక కోసం కాచుక్కూర్చోకుండా వెళ్ళొచ్చు. మీ పుణ్యమే పెద్దక్కా."

"నాదేముందే! నా చాదస్తం ఇన్నాళ్ళూ భరించారు మీరు."

చేతకాని రోజుల్లో కూడా తనకింత చోటిచ్చిన గది అది. నిండు మనసుతో గదంతా ఒకసారి చూసుకుంది.

సాయంత్రం ఎవరి పనిలో వాళ్ళుండగా సంచి భుజాన వేసుకుంది.

"వెళ్ళొస్తా" అంది ఒక్క మాట. వినాల్సినవాళ్ళు విన్నారు.

ఎవరి బల్ల మీదా కాకుండా, కిటికీ గట్టు మీద గుడ్డ చిలక ఉంది. రెక్క మీది టీ మరక పూర్తిగా పోలేదు.