బల్ల మీద నడిమి గీత

బాక్టీరియా రెండుగా చీలే ముందు, కొన్ని ప్రోటీన్లు ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగి సరిగ్గా నడిమి చోటు ఏదో తేలుస్తాయి. అక్కడ ఇంకో ప్రోటీన్ ఉంగరంలా చుట్టుకుని బిగుస్తుంది. మైక్రోస్కోపులో అది చూసినప్పుడల్లా నాకు మా అక్కే గుర్తొస్తుంది.

చిన్నప్పుడు చదువుకోడానికి మా ఇద్దరికీ ఒకటే బల్ల. అక్క జానలతో కొలిచి, నడుమ మేకుతో గీత గీసింది.

“మోసం! నీ వైపే ఎక్కువ!” అని నేను ఇల్లు పీకి పందిరేశాను. అక్క నవ్వి ఊరుకుంది.

ఆ బల్లే ఇప్పుడు ల్యాబులో నా మైక్రోస్కోపుని మోస్తోంది. ఇవాళ ఎందుకో ఆ గీతకి అటూ ఇటూ స్కేలు పెట్టి కొలిచాను. నా వైపే జానెడు ఎక్కువ.

వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

“ఇన్నాళ్లకి కొలవాలనిపించిందా, మొద్దూ!” అంది.