అన్నకివ్వని కాపలా

గని బురద మా అమ్మ చిలగడదుంపల తోటను ముంచెయ్యడం నేను కళ్లారా చూశాను. నిలదీయబోయిన ఊరివాళ్లను పోలీసులు తుపాకీ మడమలతో బాదారు. ఆ వారంలోనే మా బూగన్‌విల్ దీవి కొండలు తిరగబడ్డాయి, సొంత దేశపు సైన్యమే మా మీద పడింది. మా అన్న సెవెరిన్, తిరగబడ్డ ఊళ్లు పెట్టుకున్న ప్రజాసభకి అధ్యక్షుడయ్యాడు. లైనస్ అనే నేను దళాలకి కమాండర్నయ్యాను.

నా ఎదుట కూర్చుని వింటున్న మీరు గనిలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు, చదువుకుంటున్న పిల్లలు, మీ దగ్గర దాచేదేముంది? అన్నంటే నాకు కుళ్లు. పాత ఇనప పైపులతో తుపాకులు చేసింది మేము. డీజిల్ దొరక్క కొబ్బరినూనె పోసి ట్రక్కులు నడిపింది మేము. చచ్చింది మావాళ్లు. రేడియోలో మాత్రం ఆయన పేరే. ఏ ఊరెళ్లినా సెవెరిన్ తమ్ముడొచ్చాడనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

మూడో ఏడు, తీరంలో మాట్లాడుకుందాం రమ్మని ప్రభుత్వం కబురు పెట్టింది. ఇరవైమందిని తోడు పంపమన్నాడు అన్న. అందరూ కనుమ దగ్గర కాపలాలో ఉన్నారని చెప్పి ఇద్దర్ని పంపాను. అబద్ధం. ముప్పైమంది నా వెనకే కూర్చుని కాల్చిన అరటికాయలు తింటున్నారు. ఇద్దరే తోడుగా వెళ్లి ఆయన కాస్త చిన్నబోయి రావాలనుకున్నాను, అంతే.

రాలేదు. సైనికులు ఇసుకలోనే చేతులు విరిచికట్టి తీసుకుపోయారు. తోడెళ్లిన ఇద్దర్నీ కాల్చేశారు.

మర్నాడు ఊళ్లన్నీ కూడాయి. నిజం చెప్పేశాను. ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు ఇక లొంగిపోదామన్నాడు. అప్పుడు మా పెర్పెతువా అక్క లేచింది. మా దగ్గర నేల ఆడవాళ్లది. అమ్మ పోయాక మా నేల అక్కది.

"వాడి పేరు మోగుతోందని ఏడ్చావట్రా? ఆ ఇద్దరి తల్లులకి ఏం చెప్తావో నువ్వే వెళ్లి చెప్పు. ఈ నేల మీద తుపాకీ ఎవరు పట్టాలో నేను చెప్తా. నీది కింద పెట్టు."

పెట్టాను. అన్నని పెట్టిన సైనిక శిబిరం మీదికి నడుద్దామంది అక్క. నేను ముందు నడుస్తానన్నాను.

"ముందుండాలనే కదరా ఇంత చేశావు. వెనక నడువు."

ఆరు ఊళ్ల ఆడవాళ్లు ముందు, దళాలు వెనక, అందరికంటే వెనక నేను. గేటు దగ్గర సైనికులు తుపాకులు ఎక్కుపెట్టారు. మావాళ్లు ఒక్కరూ కదల్లేదు. అన్నని వదలమంటూ జనమంతా ఆయన పేరే అరుస్తున్నారు. అప్పుడు కూడా నా కడుపు మండింది, సిగ్గు లేదు దానికి. ఆ మంటతోనే, గొంతు చిరిగేలా, సెవెరిన్ సెవెరిన్ అని నేనూ అరిచాను.