తలూపని పెద్దమనిషి

గల్ఫ్ యుద్ధం ముగిసిన ఎండాకాలం అది. సౌదీ రాజుగారు సలహామండలి పెడతానన్నారని వార్త రాగానే, యాన్బులో మా వాళ్లను పనికి తెచ్చుకున్న కఫీల్‌కూ ఆ ముచ్చట పుట్టింది. లేబర్ క్యాంపులో గదికొక పెద్దమనిషిని ఏరి మజ్లిస్ అని ఒక సభ పెట్టాడు. తెలుగువాళ్ల తరఫున మేస్త్రీ మొండయ్య.

ఆఫీసు గుమాస్తా నవాజ్ హైదరాబాదువాడు, చరిత్రలో బీఏ. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండు రాజులకూ ఇలాంటి సభే ఉండేదని, దాన్ని విటాన్ అనేవారని, రాజు పిలిచిన పెద్దలు వచ్చి తానా అంటే తందానా అనేవారని నవ్వుతూ చెప్పాడు. ఒకసారి మాత్రం అన్యాయం చేసిన రాజును ఆ పెద్దలే గద్దె దించారట. మొండయ్యకు ఆ చివరి ముక్కే నచ్చింది.

మొదటి సభకే లింబాద్రి సంగతి వచ్చింది. యుద్ధంలో ఈ కఫీల్ పని మీదే దమ్మాంలో మొండయ్య కింద పని చేస్తుండగా క్షిపణి సైరన్ మోగితే ఆ పిల్లగాడు నాలుగో అంతస్తు దిగి పరుగెత్తాడు. పని వదిలి పారిపోయినవాడని ముద్రేసి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేయాలని కఫీల్ పంతం. అసలు దిగమని కేకేసింది మొండయ్యే. ఆ సంగతి కఫీల్‌కు తెలియదు. నోరు మూసుకుంటే మొండయ్య కొలువు పదిలం.

అరబ్బుల కాఫీ గహ్వా పోశారు. కఫీల్ మాట ముగించగానే మిగతా పెద్దలంతా గంగిరెద్దుల్లా తలూపారు. మొండయ్య తన కప్పును పెదవికి ఆనించకుండానే నేల మీద పెట్టాడు. మనవి ఉన్న అతిథి అది తీరేదాకా గహ్వా తాగడని, ఇంటాయన అడిగి తీరాలని తాయిఫ్ తోటల్లో పని చేసినప్పుడు చూశాడు. సభ బిగుసుకుపోయింది. ఏం కావాలని కఫీల్ అడగక తప్పలేదు.

"దిగుమన్నది నేను. పంపుతె నన్ను పంపు. పోరడు పారిపోయిండంటె మాత్రం నేను తలకాయ ఊప."

నవాజ్ ఒక్క అక్షరం తగ్గించకుండా అరబ్బీలో చెప్పాడు. పక్కనున్న పఠాన్ కూడా తన కప్పు కింద పెట్టాడు.

కఫీల్ అడిగిందే ఇచ్చాడు. లింబాద్రి మచ్చ లేకుండా ఉంటాడు, మొండయ్య పోతాడు. మజ్లిస్ ఆ రోజుతో రద్దు.

ఊళ్లో ఉన్న భార్య ముత్యవ్వకు మొండయ్య ఏం చెప్పాలి? అయినా మనవి తీరింది కనుక కప్పెత్తి, చల్లారిన గహ్వాను ఒక్క గుక్కలో తాగేశాడు. మళ్లీ పొయ్యమని కఫీల్ ముందుకే కప్పు చాపాడు.